చెవిలో మోత ఆగిన మధ్యాహ్నం

చంద్రపూర్‌లో మే నెల మధ్యాహ్నం వీధుల్లో కుక్క కూడా కనిపించదు. దుకాణాలవాళ్లు షట్టర్లు సగం దించుకొని లోపలే కునుకు తీస్తారు. ఇళ్లలో కిటికీలకు తడిపిన గోనెలు వేలాడుతుంటాయి. ఆ రోజూ అంతే. మూతపడ్డ బొగ్గుబాయికి ఆనుకొని ఉన్న కార్మికుల వాడలో, తన రెండు గదుల ఇంట్లో, రాజం గోడకు చేరగిలబడి అరచేతిలోని వస్తువును తిప్పి తిప్పి చూస్తున్నాడు.

చిక్కుడుగింజ కన్నా కాస్త పెద్దది. మాంసం రంగు ప్లాస్టిక్కు. వెనక వేలిగోరుతో తిప్పే చిన్న చక్రం.

"గిదేనా?" అంది మల్లమ్మ, చాప పరుస్తూ. "దీనికోసమేనా నాగపూర్ దాకా పోయి, పొద్దంతా బెంచీ మీద కూసొని వచ్చింది?"

"గిదే."

"నా సవితిని ఇది ఎల్లగొడుతదా?"

రాజం చెవిలో మోతకు ఆమె పెట్టిన పేరది. బాయిలో మందు పేలుళ్ల మధ్య పనిచేసి, బయటికొచ్చేటప్పుడు అతను వెంట తెచ్చుకున్నది ఆ మోత ఒక్కటే. ఇనుప రేకు మీద ఆకురాయి రాస్తున్నట్టు, ఆగకుండా, పగలూ రాత్రీ ఒకటే గీరుడు. మొదట్లో ఆమె నవ్వుతూనే అనేది, సవితి నిన్ను నాకు వదిలిపెట్టదని. పోయిన చలికాలం ఒక రాత్రి, గోనెలు కుట్టే దబ్బనం చెవి రంధ్రం దగ్గర పెట్టుకొని అతను కూర్చోవడం చూసినప్పటినుంచి ఆ మాట అంటున్నప్పుడు ఆమె ముఖంలో నవ్వు ఉండటం లేదు. ఇంట్లో దబ్బనాలు, మేకులు అన్నీ ఎక్కడో దాచేసింది.

కొడుకు నాగేశ్వర్‌కు స్టేషన్ రోడ్డులో ఎస్టీడీ బూత్ ఉంది. వాడే పట్టుబట్టి నాగపూర్ తీసుకెళ్లాడు. "బయటి దేశం మిషన్, బాపూ. ఇప్పుడు మన దగ్గర దొరకంది లేదు. ఒక్కసారి పెట్టి చూడు, నీ సొమ్మేం పోతది?"

డాక్టరు హిందీలో నిదానంగానే చెప్పాడు. మీరు వినే మోత బయట ఎక్కడా లేదు, మెదడే దాన్ని పుట్టిస్తోంది. ఈ మిషన్ వాన పడుతున్నట్టు సన్నటి హోరు పెడుతుంది. ఆ హోరు కింద మోత మునిగిపోతుంది. కొన్నాళ్లకు హోరు తగ్గించుకుంటూ పోతే మెదడు మోతను మరిచిపోవచ్చు. అందరికీ పనిచేస్తుందని మాత్రం చెప్పలేను.

రాజం నమ్మలేదు. వెల్లుల్లి నూనె నమ్మాడు, ఉల్లిరసం నమ్మాడు, దర్గాలో ఊదు వేయించుకున్నాడు. ఇక నమ్మే ఓపిక లేదు. ఒక చప్పుడును ఇంకో చప్పుడుతో చంపుతారా ఎవరైనా? కానీ ఒక్క పూట... ఒక్క పూట చెవిలో ఏమీ లేకుండా పడుకుంటే ఎలా ఉంటుందో చూడాలని అతనికి ప్రాణం కొట్టుకుంటోంది.

"పెట్టుకో మరి. చూస్తే అయితదా?" అని మల్లమ్మ చాప మీద అటు తిరిగి పడుకుంది.

అప్పుడే కరెంటు పోయింది. ఊరి పక్కన థర్మల్ కేంద్రం పొగ గొట్టాల కింద కరెంటు పుడుతూనే ఉంటుంది, ఊళ్లో మాత్రం పోతూనే ఉంటుంది. ఫ్యాను రెక్కలు నెమ్మదించి ఆగాయి. తలుపు మూసిన గదిలో చీకటి, తడి గోనెల వాసన, ఉక్క మిగిలాయి.

రాజం మిషన్ చెవికి తగిలించుకొని చక్రం తిప్పాడు.

వాన. దూరంగా, రేకుల మీద కాక ఆకుల మీద పడే వాన. ఇంకాస్త తిప్పాడు. ఆకురాయి గీరుడు ఆ వానలోకి దిగింది. దిగి దిగి, నీళ్లలో పడ్డ బిళ్లలాగా కనబడకుండా పోయింది. రాజం ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. తిరిగి వస్తుందనుకున్నాడు. రాలేదు. అతని ఒళ్లంతా సడలిపోయింది.

చూద్దామని చక్రం వెనక్కి తిప్పాడు. వాన సన్నబడింది. ఇంకా తిప్పాడు. వాన ఆగింది.

మోత రాలేదు.

మల్లమ్మ ఊపిరి వినిపించింది. గోడ మీద బల్లి కదిలిన చప్పుడు. గోనె నుంచి నేల మీద పడిన నీటిబొట్టు. ఇవన్నీ లోకంలో ఉన్నాయనే అతను ఎప్పుడో మరిచిపోయాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆమెను లేపి చెబుదామని చెయ్యి చాచాడు.

టక్... టక్.

చెయ్యి ఆగింది. తలుపు అనుకున్నాడు. తలుపు కాదు.

టక్... టక్.

కింద నుంచి. బండల కిందనుంచి. లోతుగా, తడిగా.

ఇక్కడొక మాట చెప్పాలి. బాయిలో రెండు గుంపులు ఎదురెదురుగా బొగ్గు తవ్వుకుంటూ వస్తాయి. మధ్య గోడ పలచబడ్డాక ఒక గుంపు గోడను తట్టి చూస్తుంది. అవతలివాళ్లు విన్నవెంటనే తిరిగి తట్టాలి. తట్టకపోతే అటు మనుషులు లేరనుకొని మందు పెట్టి పేలుస్తారు. తడితే, ఆ చప్పుడు వచ్చిన చోటే గురి పెట్టుకొని, గడ్డపారలతో నిదానంగా తవ్వి కలుస్తారు. తట్టిన చప్పుడు విని చేతులు ముడుచుకొని కూర్చున్నవాడిని బాయిలో ఎవరూ మనిషిగా లెక్కపెట్టరు. ఆలోచించి చేసే పని కాదది. కన్ను మీదికి ఈగ వస్తే రెప్ప పడ్డట్టే.

రాజం పిడికిలి నేల మీద పడింది. టక్... టక్.

కొట్టాక తెలిసింది కొట్టినట్టు.

కింద చప్పుడు ఆగిపోయింది. వింటున్నట్టుగా ఆగిపోయింది.

అప్పుడు గుర్తొచ్చింది అతనికి. బాయి మూసి ఏళ్లయింది. పంపులు ఆపేశాక, ఈ వాడ కిందదాకా సాగిన సొరంగాలన్నీ కప్పు దాకా నీళ్లతో నిండాయి. ఆఖరి షిఫ్టు రోజున అందరూ పైకొచ్చారు. పేరు పేరునా పిలిచి చూశారు. లోపల మిగిలినవాడు ఒక్కడూ లేడు. ఇప్పుడక్కడ మనిషికి చోటే లేదు.

గర్ర్...

గడ్డపార రాతిని గీరిన చప్పుడు. తర్వాత ఇంకొకటి. తర్వాత ఎన్నో. వరుస తప్పకుండా, తొందర లేకుండా... పని తెలిసిన చేతులు. రాజం కొట్టిన చోటి కిందే. ఆ చోటికి జానెడు దూరంలో మల్లమ్మ తల ఉంది.

"ఏమే... లే."

"ఊఁ?"

"లే. సప్పుడు చెయ్యకు. బయటికి పోదాం."

ఆమె కళ్లు తెరిచి అతని ముఖం చూసింది. వెంటనే అతని రెండు చేతులూ చూసింది, ఏమైనా పట్టుకున్నాడేమోనని. "మోత ఎక్కువైందా?"

"మోత పోయింది."

"పోతే సంబరపడాలె గని, గిట్ల వణుకుడేంది?"

"కింద తవ్వుతుండ్రు," అన్నాడు. "ఇంటవా?"

ఆమె విన్నది. చెవి బండకు ఆనించి మరీ విన్నది. తల అడ్డంగా ఊపింది. "నాకేం ఇనబడ్తలేదు. ముందు తీసెయ్ దాన్ని. చెవి బాగుచేస్తనని మనసు కరాబు చేసిండు గా డాక్టరు."

రాజం మిషన్ ఊడదీశాడు. చిన్న బ్యాటరీ కూడా బయటికి లాగి చాప మీద పడేశాడు.

గర్ర్... గర్ర్... గర్ర్...

ఇంకా దగ్గరగా.

రెండు అరచేతులతో చెవులు మూసుకున్నాడు. రా, అని మోతను పిలిచాడు మనసులో. ఇన్నేళ్లు నన్ను తిన్నావు, ఇప్పుడు రా. కణతల మీద గుద్దుకున్నాడు. చెవిలో ఏమీ లేదు. నిర్మలంగా, ఖాళీగా ఉంది. ఇన్నాళ్లు అక్కడ మోగింది జబ్బు కాదేమో అనిపించింది. తెలియకుండా తానే అడ్డం పెట్టుకున్న తలుపేమో. దాన్ని తన చేత్తో తానే తీసేశాడు.

"నడువ్," అని ఆమె రెక్క పట్టి లేపాడు.

అతను అలా గుద్దుకోవడం చూసి మల్లమ్మ ఇక ఎదురు చెప్పలేదు. ఇద్దరూ నులక మంచం మోసుకొని వాకిట్లో వేపచెట్టు కిందికి వచ్చారు. గాలి నిప్పులా ఉంది. ఆమె మంచం మీద వాలి, కొంగుతో విసురుకుంటూ గొణిగింది. "నీ చెవులు బాగైనంక నా పానం పోయేటట్టుంది ఈ ఎండల."

రాజం కూర్చోలేదు. వాకిలి చివర, గేటు పట్టుకొని, ఇంటివైపే చూస్తూ నిలబడ్డాడు. అక్కడికి కూడా వినిపిస్తూనే ఉంది.

పొద్దు వాలుతుండగా నాగేశ్వర్ స్కూటర్ దిగాడు. తల్లి సంగతంతా చెప్పింది. వాడు తండ్రి భుజం మీద చెయ్యి వేశాడు.

"బాపూ, మిషన్ కొత్త గద, గట్లనే అనిపిస్తదేమో. కింద నీళ్లు తప్ప ఏముంది?"

"లోపలికి పోకు, బిడ్డా."

"నేను పోయి చూసొస్త. కాహీ నాహీ హోణార్, ఏం కాదు. నువ్వు ఈడనే ఉండు."

"పోతే పో. నేల మీద మాత్రం తట్టకు. నీ కాళ్లు మొక్కుత, తట్టకు!"

వాడు నవ్వాడు. గుమ్మానికి వేలాడే పాత చీర పరదా తోసుకొని లోపలికి వెళ్లాడు. కాసేపు గడ్డపారల చప్పుడు తప్ప ఏమీ లేదు. తర్వాత లోపలినుంచి వాడి గొంతు, తండ్రికి ధైర్యం చెబుతున్నట్టు, గట్టిగా వచ్చింది.

"చూడు బాపూ, బండ ఎంత గట్టిగున్నదో... ఇను!"

టక్. టక్.

గడ్డపారలు ఆగిపోయాయి.

ఒక్కటి కూడా వినిపించలేదు. ఊరంతా చచ్చిపోయినట్టు నిశ్శబ్దం. ఇన్నేళ్లు రాజం కోరుకున్న నిశ్శబ్దం అదే. బాయిలో గడ్డపారలన్నీ ఒక్కసారిగా ఆగేది ఎప్పుడో అతనికి తెలుసు. గోడకు కన్నం పడ్డప్పుడు. అవతలి గాలి ఇవతలికి కొట్టినప్పుడు.

పరదా బయటికి ఉబ్బింది.

గుమ్మంలోంచి చల్లటి గాలి వాకిట్లోకి వచ్చింది. తడి బొగ్గు వాసన. కుళ్లిన దుంగల వాసన. ఎన్నో ఏళ్లు నిలవున్న నీటి వాసన.

"అరె, ఎంత సల్లగుంది!" నాగేశ్వర్ గొంతు. పరదా పక్కకు జరిగింది. వాడు నవ్వుతూ బయటికొచ్చాడు. ఒంటి మీద చిన్న గీత కూడా లేదు. "ఏం లేదు బాపూ. చెప్పిన గద?"

రాజం వాడిని చూడటం లేదు. వాడి వెనక పరదాను చూస్తున్నాడు.

అది కిందికి జారి కుదురుకుంది. మళ్లీ పక్కకు జరిగింది... ఎవరో వంగి దాటుతున్నట్టు. కుదురుకుంది. మళ్లీ జరిగింది. మళ్లీ... షిఫ్టు దిగిన మనుషులు ఒకరి వెనక ఒకరు బయటికి వస్తున్నట్టు. తొందర లేకుండా.

గాలి ఆగింది. పరదా ఇంకా జరుగుతూనే ఉంది.

వేపచెట్టు కింద మంచం నులక కిర్రుమంది. మల్లమ్మ కళ్లు మూసుకునే ఉంది. విసుగ్గా మొహం చిట్లించి, కాళ్లు ముడుచుకొని, ఒక అంచుకు జరిగింది.

"ఉన్న ఒక్క మంచం మీద గింత ఇరుకు చేసి కూసుంటరా?" అంది. "జర జరుగుండ్రి... అబ్బ, అందరి బట్టలు తడిసినయేంది?"