ఎదుటి పార్టీ తెచ్చిన సపోటాలు

ఉమాశ్రీని నేను మొదటిసారి చూసింది మోపిదేవి మలుపులో, వానలో, రోడ్డు పక్క బురదలో కూర్చుని ఉండగా. ఆమెను స్కూటీ మీంచి అక్కడ పడేసింది నా కారే.

"మలుపులో ఇండికేటర్ వెయ్యాలని మీకెవరూ చెప్పలేదా అండీ?" అంది.

కాలి ఎముక విరిగింది, కళ్లలో నీళ్లు ఆగడం లేదు, అయినా 'అండీ' మానలేదు. నాకు సిగ్గేసింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కారణం సిగ్గొక్కటే కాదని తర్వాత తెలిసింది.

ఆమె ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరు. నేను, నాగసాయిని, పామిడిముక్కలలో వరి పండించే ఇంటివాణ్ణి. పోలీస్ స్టేషన్లో తప్పు నాదేనని రాసిచ్చాను. రోజూ హాస్పిటల్‌కి మా చెట్టు సపోటాలు పట్టుకెళ్లేవాణ్ణి. ఆమె థాంక్స్ చెప్పి బల్ల మీద పెట్టించేది. లెక్కల్లో నేనెంత మొద్దునో చెబితే పడీపడీ నవ్వేది. వారం తిరిగేసరికి నేను వెళ్లే టైముకి నున్నగా జడ వేసుకుని ఉండడం మొదలుపెట్టింది. నేనూ ఇస్త్రీ చొక్కాల్లోకి దిగాను.

ఇంతలో డాక్టరుగారు రెండో ఆపరేషన్ కావాలన్నారు. అది జరగకపోతే జీవితాంతం కుంటు తప్పదట. ఉమకు తండ్రి లేరు. తల్లి ఇందిరాదేవిగారి పెన్షన్ ఇంటికే చాలదు. నేను పెట్టుకుంటానంటే ఉమ వినలేదు. అయితే నా మీద కేసు వెయ్యండి, కారుకి ఇన్సూరెన్స్ ఉంది, కంపెనీయే ఇస్తుందన్నాను. రోజూ పళ్లు తెచ్చే పిల్లాడి మీద కేసు వేస్తే కళ్లు పోతాయని ఇందిరాదేవిగారు చెంపలేసుకున్నారు. ఆవిణ్ణి ఒప్పించడానికి మూడు రోజులు పట్టింది.

ఉమ కట్టుకాలుతో బస్సెక్కడం కుదరదు కాబట్టి, నా మీద కేసు వేసే లాయర్ని వెతకడానికి నా కారులోనే ముగ్గురం బయల్దేరాం.

గుడివాడలో మొదటాయన కాగితాలు తిరగెయ్యకుండానే, కాలు ఇంకా పాడైనట్టు సర్టిఫికెట్ తెప్పిస్తానన్నాడు. ఉమ చేతికర్రలు అందుకుని లేచింది. రెండో ఆయన రెండు ఫోన్ల మధ్య నా వైపు తిరిగి, అల్లుడుగారు సాక్షి సంతకం పెట్టెయ్యండి అన్నాడు.

"నేను అల్లుణ్ణి కాదండీ, ఎదుటి పార్టీని" అన్నాను.

ఉమ చెవులు ఎర్రబడ్డాయి. మెట్లు దిగేటప్పుడు నా భుజం పట్టుకుంది. దిగాక వదలడం మర్చిపోయింది. నేనూ గుర్తు చెయ్యలేదు.

మూడో లాయరు బందరులో ఎలీసబెతుగారు. ఎక్స్‌రే వెలుతురుకి ఎత్తి చూశారు. కాగితాలన్నీ చదివారు. ఫీజెంతో రాసిచ్చారు. ఎంత వస్తుందో మాత్రం ఇప్పుడే చెప్పలేనన్నారు. తర్వాత కళ్లజోడు తీసి మా ఇద్దర్నీ తేరిపార చూశారు.

"మీ మధ్య ఏముందో నేనడగను. కానీ మీరిద్దరూ ఇలా కలిసి తిరిగితే, డబ్బు కోసం ఆడిన నాటకమని కంపెనీ లాయరు అంటాడు. ఇక ఆపరేషన్ మాట మర్చిపోవాల్సిందే. కేసు తేలేదాకా కలవకండి. ఫోన్లు కూడా వద్దు."

"ఎవరైనా అడిగితే అబద్ధం చెప్పాలా మేడం?" అంది ఉమ.

"వద్దమ్మా. అడిగినదానికి నిజమే చెప్పు."

బయటికొచ్చేసరికి మళ్లీ వాన. చూరు కింద నిలబడ్డాం. ఈవిడ వద్దు, ఇంకొకర్ని చూద్దామన్నాను. నా గొంతు నాకే పేలవంగా వినిపించింది.

"ఈవిడేనండీ. మనకి నచ్చని మాట ముందే చెప్పింది ఈవిడొక్కరే" అని ఉమ ఆటోని పిలిచింది.

ఆ 'మనకి' పట్టుకుని ఎనిమిది నెలలు బతికాను. మోపిదేవి మలుపు వచ్చిందంటే ఇండికేటర్ వేసి, హంసలదీవి దాకా తియ్యడం మర్చిపోయేవాణ్ణి.

కోర్టులో కంపెనీ లాయరు నన్ను చూపించి, ఇతను తెలుసా అని అడిగాడు.

"తెలుసండీ. నన్ను గుద్దింది ఆయనే."

"హాస్పిటల్‌కి వచ్చేవాడా?"

"రోజూ. సపోటాలు తెచ్చేవారు."

"మరి ఇప్పుడు మాట్లాడుకోరా?"

"ఎనిమిది నెలలైందండీ. మాట్లాడితే మీరు నాటకం అంటారు కదా. నా కాలికి నాటకాలు రావు, ఎక్స్‌రే చూసుకోండి."

జడ్జిగారు తల దించుకుని నవ్వుకున్నారు. నాకు ఏడుపొచ్చింది.

నెల తిరక్కుండా తీర్పు వచ్చింది. ఆపరేషన్‌కి సరిపోగా కొంత మిగిలింది కూడా. ఆ సాయంత్రమే సంచీ నిండా సపోటాలతో వాళ్లింటికి వెళ్లాను. ఇందిరాదేవిగారు సంచీ అందుకుని నవ్వారు.

"ఉమకి సపోటా పడదు బాబూ. హాస్పిటల్లో అన్నీ తిన్నది నేనే."

తెల్లబోయి ఉమ వైపు చూశాను.

"చెబితే రావడం మానేస్తారేమోనని" అంది, గోడ పట్టుకుని నిలబడి.

మాటలు దాచుకుని దాచుకుని, చివరికి నా నోట ఒక్కటే వచ్చింది. "నన్ను పెళ్లి చేసుకుంటారా అండీ?"

ఉమ వాళ్లమ్మ వైపు చూసింది. ఆవిడ అప్పటికే ఒక సపోటా ఒలుస్తున్నారు. కానీయమన్నట్టు తలూపారు.

"పొద్దున తీర్పు వినగానే హాస్పిటల్‌కి వెళ్లాం. సోమవారం ఆపరేషన్. పక్కన ఎవరుంటారని డాక్టరుగారు ఫారంలో రాయమన్నారు" అంది ఉమ.

"ఏం రాశారు?"

"మీ పేరు. అమ్మకి చూపించే రాశాను."