కొలత తీయని గ్లౌజు

ఆ గులాబీరంగు గ్లౌజు ట్రేకి అంటుకుని కరిగిపోతుంటే మా బేకరీ అంతా కాలిన ప్లాస్టిక్ కంపు కొట్టింది.

"ఇది నా చెయ్యి కాపాడ్డానికా, కాల్చడానికా?" అంది మా చెల్లెలి కూతురు, ట్రే సింకులో పడేసి.

"వీడియో చూసి అల్లానండీ," అన్నాడు ఎదురుషాపు గడియారాలబ్బాయి. "ఊలైతే మెత్తగా ఉంటుందని..."

"ఓవెన్ ట్రేకి మెత్తదనం ఎందుకండీ? రేపు మైనంతో చేసుకొస్తారా?"

వాడు మొహం వేలాడేసుకుని వెళ్లిపోయాడు. గల్లాపెట్టె దగ్గర కూర్చున్న నేను నవ్వు ఆపుకోలేదు. ఎందుకు ఆపుకోవాలి? పిల్ల మణికట్టు నిండా కాలిన మచ్చలున్న మాట నిజమే. పాత తువ్వాలు మడతపెట్టి ట్రేలు దించుతుంది. సాయానికి ఎవరినైనా పెట్టుకోవే అంటే, "నాకు చేతులు లేవా పెద్దమ్మా?" అంటుంది. అలాంటిదానికి సింథటిక్ ఊలు గ్లౌజు బహుమతి! పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నట్టుంది.

మర్నాడు పిల్ల సరుకు తేవడానికి వెళ్లడం చూసి, వాడు నా ముందు ప్రత్యక్షమయ్యాడు.

"ఆంటీ, మీకు క్రోషే వచ్చటగా. నేర్పరూ?"

"ఎందుకు? ఈసారి షాపు మొత్తం తగలబెడతావా?"

"మా అన్నయ్య వేరే ఊళ్లో షాపు తెరుస్తున్నాడు, రమ్మంటున్నాడు. ఆదివారం జవాబు చెప్పాలి. ఆమె ఒక్కసారి ఉండమంటే ఉండిపోతాను ఆంటీ."

నోరు విప్పి ఇష్టమని చెప్పలేక దారం ఉండ పట్టుకున్న మగాణ్ణి వీణ్ణే చూశాను. అయినా నూలు దారం తెప్పించి, రెండు పోగులు కలిపి పట్టుకోమన్నాను. ముందు గొలుసు వేయించాను. తర్వాత దాని మీద వరస మీద వరస.

"సందులు వదలకు. వేడి తిన్నగా చేతికి తగులుతుంది. తడి అసలు తగలనివ్వకు, తడిసిన నూలు పొడిదానికంటే ఎక్కువ కాలుస్తుంది."

వెంట్రుకంత స్ప్రింగులు సరిచేసే వేళ్లు కదా, బిగువు మాత్రం బాగానే కుదిరింది. గుడ్డిలో మెల్ల.

"దాని చేతి కొలత తీసుకున్నావా?"

"కంట్లో ఉంది ఆంటీ."

"కంట్లో ఉంటే చాలదు. వెళ్లి అడుగు."

"అమ్మో! ఆమెని చెయ్యి చూపించమని అడగడమే!"

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. నాలుగు వరసలు అల్లడం, తన చేతికే తొడిగి చూసుకుని మురిసిపోవడం. గడియారంలో ఇసుకరేణువు కూడా కనిపెట్టే మనిషికి ఆపాటి తెలివి లేదు. చెప్పీ చెప్పీ నా నోరే నొప్పిపుట్టింది.

శనివారం సాయంత్రం కుండపోత వాన. వాడు రోడ్డు దాటి పరుగెత్తుకొచ్చి, చొక్కా లోపలినుంచి ప్లాస్టిక్ కవరు తీశాడు. జుట్టునుంచి నీళ్లు కారుతున్నాయి. గ్లౌజు మీద ఒక్క చుక్క లేదు.

పిల్ల తొడుక్కుంది. చెయ్యి కనబడకుండా పోయింది.

"ఇందులో నేనూ మా పెద్దమ్మా కాపురం పెట్టొచ్చు," అంది.

వాడు నవ్వబోయి నవ్వలేకపోయాడు. "సరేనండీ. రేపు మా అన్నయ్య దగ్గరికి వెళ్లిపోతున్నాను. గడియారాలేమైనా రిపేరుకుంటే ఇప్పుడే ఇచ్చేయండి."

"వెళ్లిపోవడమేంటి?"

"ఇక్కడ నాతో ఎవరికీ పని లేదు కదండీ."

ఓవెన్ గంట మోగింది. పిల్ల కదలలేదు. వాణ్ణి చూసింది, కారుతున్న నీళ్లు చూసింది, పొడిగా ఉన్న గ్లౌజు చూసింది. వీడు లేకపోతే ఎదురుషాపు ఎలా ఉంటుందో అప్పుడే తట్టినట్టుంది. దాని కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకూ తిరిగాయిలెండి, ఆ సంగతి అనవసరం.

"ఇది ఎవరి చేతి కొలత?"

"నాదేనండీ."

"అయితే నువ్వే తొడుక్కో. ట్రే ఆ కొస పట్టు."

అండీలు, మీరులు అన్నీ ఒక్క దెబ్బకి ఎగిరిపోయాయి. గ్లౌజు చేత్తో వాడొక కొస, తువ్వాలుతో ఇదొక కొస పట్టుకుని ట్రే దించారు. ఒక్క ట్రేకి ఇద్దరు! ఈ లెక్కన బేకరీ బాగుపడ్డట్టే.

"రెండోది నాకు అల్లు," అని పిల్ల అరచెయ్యి కౌంటర్ మీద పరిచింది. "ఈసారి కొలత తీసుకో."

"మరి అన్నయ్యకేం చెప్పను?"

"చేతినిండా పనుందని చెప్పు."

వాడు జేబులోంచి టేపు తీశాడు. చిటికెనవేలి దగ్గర మొదలుపెట్టాడు. ఒక్క గ్లౌజుకి అంత కొలత నేనెక్కడా చూళ్లేదు. ఈలోగా ఓవెన్‌లో రెండో వాయి బన్నులు బొగ్గులయ్యాయి.

ఊరుకుంటానా? ఒకటి తీసి వాడి చేతిలో పెట్టి, నా ఎదురుగానే తినమన్నాను. కరకరా నమిలాడు.

"చాలా బాగుంది అత్తయ్యా!"

మొద్దు వెధవ. ఇంకోటి పెట్టాను.