మెట్ల లైటు

క్రాంతికి బీదర్‌లో చుట్టాలు లేరు, దోస్తులు లేరు. ఉన్నదల్లా ఒక చప్పుడు.

కింది వాటాలో అద్దెకుండే షెకినా రోజూ పొద్దుగూకాక ల్యాబ్ డ్యూటీ నుంచి తిరిగొచ్చేది. ఆమెది బ్యాటరీ స్కూటీ, పిల్లిలా వస్తుంది. అయితే గేటు నుంచి మెట్ల దాకా పోసిన కాంక్రీటు పలకల మధ్య సందుల్లో ఎప్పుడో నింపిన తారు ఊడిపోయి గడ్డి మొలిచింది. అడుగున మట్టి కొట్టుకుపోయి ఒక పలక ఊగుతోంది కూడా. దాని మీద చక్రం ఎక్కితే ఒక 'టక్', దిగితే ఇంకో 'టక్'.

ఆ చప్పుడు వినగానే పై వాటాలో క్రాంతి లేచి మెట్ల లైటు వేసేవాడు. ఏ మహానుభావుడు వైరింగ్ చేశాడో గానీ స్విచ్ పైన ఉంది, వెలుగేమో కింది వాటా తాళం మీద పడుతుంది. సిద్దిపేట నుంచి వచ్చి, నౌబాద్ ఫ్యాక్టరీలో రోజంతా కన్నడ మాటలకు తలూపే మనిషికి, ఇంటికి ఎవరో వచ్చారు అనిపించేది ఆ ఒక్క క్షణమే. ఆ తర్వాతే అతనికి అన్నం సహించేది. చెప్పుకుంటే సిగ్గుచేటు, కానీ నిజం.

అందుకే ఇంటి ఓనరు మహానంద హుమ్నాబాద్ నుంచి ఫోన్ చేసి, "వానలు రాకముందే ఆ పలకల జాయింట్లు నింపు క్రాంతి, సామాను పంపిస్తున్న" అంటే "సరే అక్కా" అని ఊరుకున్నాడు. సామాను వచ్చింది. మంచం కిందికి పోయింది. అక్కడే ఉండిపోయింది.

ఒక శనివారం మొదటి టక్ వినబడింది, రెండోది రాలేదు. ధబ్బుమంది. క్రాంతి మెట్లు ఎలా దిగాడో అతనికే తెలియదు. స్కూటీ ఒక పక్కకు పడి ఉంది. షెకినా మోకాలు పట్టుకుని కూర్చుంది.

"దెబ్బ తాకిందా?"

"లేదు, కూసొని చుక్కలు లెక్కవెడ్తున్న."

అతను చెయ్యి అందించాడు. ఆమె గోడ పట్టుకుని లేచింది.

"మహానందక్క సామాను పంపి ఎన్ని దినాలాయె? దినాం దీని మీదికెళ్లి పోతుంటే మీకు చప్పుడు ఇనబడ్తలేదా క్రాంతిగారూ?"

"ఇనబడ్తది. దినాం ఇనబడ్తది."

"మరి?"

మరి ఏం చెబుతాడు? "టైం దొరకలే" అన్నాడు. ఆమె కుంటుకుంటూ లోపలికి పోయి తలుపేసుకుంది. అంత కోపంలోనూ ఆమె 'అన్నా' అనలేదు. వేరే రోజైతే ఆ ఒక్క ఆనందంతో వారం గడిపేవాడు. ఆ రోజు మాత్రం తన మీద తనకే అసహ్యం వేసింది.

ఆదివారం షెకినా ఆటోలో చర్చికి పోగానే పనికి కూర్చున్నాడు. స్క్రూడ్రైవరుతో గడ్డి పీకి, మట్టి గీకి, చీపురుతో శుభ్రం చేశాడు. ఊగే పలక కిందికి సిమెంటు పాలు పోశాడు. సందుల్లో మెత్తటి స్పాంజి తాడు కూరి, దాని మీద రబ్బరులా సాగే పేస్టు ట్యూబుతో వత్తి, సబ్బునీళ్ల వేలితో నున్నగా దిద్దాడు. ఒక్కో సందు నిండుతుంటే తన సాయంత్రాలను తానే పూడ్చుకుంటున్నట్టుంది.

చర్చి నుంచి వచ్చిన షెకినా గేటు దగ్గర ఆగింది. "సందులల్ల సిమెంటు గిట్ల వెట్టలే గదా? ఎండకు పలకలు ఉబ్బి పగుల్తయ్."

"లేదు, సాగేదే వెట్టిన. రేపటి దాక తొక్కొద్దు."

"మంచిగ చేసిండ్రు" అని, గోడ పక్కనుంచి జరుగుతూ వెళ్లిపోయింది. నవ్వలేదు.

సోమవారం చీకటి పడింది. చప్పుడు లేదు. వచ్చిందో, రాలేదో? తొంగిచూస్తే ఏమనుకుంటుందో? అన్నం చల్లారిపోయింది. ఇల్లంత ఇల్లూ బావురుమంటోంది.

తలుపు కొట్టిన చప్పుడు. తీస్తే ముఖం మీద సెల్‌ఫోన్ లైటు, దాని వెనక షెకినా.

"లైటెందుకెయ్యలే?"

"మీరొచ్చిండ్రా? నాకు ఇనబడలే."

"తాళం తీయనీకి ఎంత తిప్పలైందో ఎరుకేనా?" అంది. అంతలో గొంతు మారిపోయింది. "తాళం సంగతి ఇడువుండ్రి. గేటు కాడ నిలవడి చూస్తే అంత చీకటి. మీరు ఊరికి పోయిండ్రేమో అనుకున్న. మా ఊరు నిర్ణాల ఇంటి నిండ మనుషులే. ఈడ నేనొచ్చిన అని ఎరుకయ్యేది ఆ లైటొక్కదానికే."

క్రాంతి చెయ్యి చాచి మెట్ల లైటు వేశాడు. "అందుకే ఆ సందులు నింపలే నేను. నింపితే మీరొచ్చింది తెల్వదని."

"అంటే మీ ప్రేమకు నా మోకాలు పగిలిందా?"

ప్రేమ అన్న మాట ముందు తన నోటి నుంచే వచ్చిందని తెలిసి నాలుక కరుచుకుంది.

"అవ్" అన్నాడు క్రాంతి. "తప్పయింది."

"ఏది? ప్రేమనా, మోకాలా?"

"మోకాలు."

అప్పుడు నవ్వింది. మెట్లు దిగుతూ వెనక్కి తిరిగి, "రేపటి సంది గేటు కాడ రెండు మార్లు హారన్ కొడ్త. లైటెయ్యిండ్రి" అంది.

మర్నాడు తొలివాన. నీళ్లు పలకల మీదుగా జారి మోరీలోకి పోతున్నాయి, సందుల్లోకి ఒక్క చుక్క దిగడం లేదు. క్రాంతి చీకటి పడకముందే లైటు వేసి, గొడుగు పట్టుకుని గేటు దగ్గరే నిలబడ్డాడు.

తడిసి ముద్దై వచ్చిన షెకినా అతని ముందర బండి ఆపింది. అతన్ని చూసింది, మెట్ల లైటును చూసింది. తీరిగ్గా రెండుసార్లు హారన్ కొట్టింది.

"ఎదురుంగనే ఉన్న గదా!"

"ఇనబడ్డదా, లేదా?"

"ఇనబడ్డది" అన్నాడు క్రాంతి, గొడుగు ఆమె మీదికి జరుపుతూ.