తూకం గదిలో పసుపు కోటు

కొండ దారిలో మూడో మలుపు దగ్గర మూతబడిన తూకం గది ఒకటుంది. ఒకప్పుడు లారీలు ఆగి బరువు తూయించుకునేవి. ఇప్పుడు దానికి తలుపు లేదు, కిటికీ లేదు, మంచి పేరు అసలే లేదు.

వాన పడితే చాలు... గుమ్మం లోపల పసుపుపచ్చగా ఏదో నిలబడుతుందట. తల ఉండదు. పాదాలుండవు. చేతులు మాత్రం బార్లా చాపి — రా, రా అన్నట్టు! గది ముందు నేలలో పరిచిన ఇనప పలక ఇంకా అలాగే ఉంది. మనిషంత బరువు పడితే ధన్‌మంటుంది, ఎంత గాలి వీచినా కిక్కురుమనదు. అలాంటిది వానలో, ఎవరూ లేకుండానే, ధన్... అని మోగుతుందట.

నేను చూశానా అంటే — లేదు. దెయ్యాల మీద నాకు నమ్మకం లేదు. ఆ దారిన వెళ్ళి తేల్చుకునే ధైర్యం అంతకన్నా లేదు. వీధి చివర కొట్టుకి బయల్దేరి, మబ్బు చూసి చెప్పులు విప్పేసే రకాన్ని. ఇది వెళ్ళొచ్చినవాడు చెప్పిన మాట.

అతన్ని అందరూ వాన మాస్టారంటారు. బళ్ళో పాఠాలు చెప్పే మాస్టారు కాదు. మోటారుసైకిళ్ళ మీద దూరదూరాలు తిరిగేవాళ్ళకి రెయిన్ సూట్లు అమ్ముతాడు. అతని కొట్లో కొనడమంటే పరీక్ష రాయడమే.

"నిలబడి అద్దంలో చూసుకుంటే ఏం తెలుస్తుంది నాయనా? బండెక్కి కూర్చో. మోకాలు వంచు. చూశావా, పాంటు పిక్కల మీదకి పాకింది!"

బండి నడిపేటప్పుడు తొడిగే మందపాటి జాకెట్ మీద వేసుకునేది గనక ఒక సైజు పెద్దది తీసుకో. ముందు పాంటు, తర్వాత కోటు. కాలికి ప్లాస్టిక్ కవరు తొడిగితే పాంటులోంచి బూటు సులువుగా జారుతుంది. బ్యాగులో అన్నిటికన్నా పైన పెట్టు. తడిది మడిచావో, లోపలి పూత పొలుసుల్లా ఊడిపోతుంది. కోటు చేతుల్లోంచి కర్ర దూర్చి ఆరెయ్యి... ఇలా సాగేది. కొనడానికొచ్చినవాడు వాన వెలిసినా బయటపడేవాడు కాదు.

రెండేళ్ళ క్రితం వాళ్ళ బావ — అక్క మొగుడు — వచ్చాడు. నెల రోజుల ప్రయాణం పెట్టుకున్నాడు. వచ్చీ రాగానే పసుపు సూటు చేతిలోకి తీసుకున్నాడు. జాకెట్ మీద వేసుకునేది, కోటూ పాంటూ విడివిడిగా.

"అదెందుకు బావా? మడిస్తే సొరకాయంత అవుతుంది. వెనక కట్టుకుని పోతుంటే కూరగాయలవాడనుకుంటారు."

"అనుకోనీరా. దారిలో టక్కున తగిలించుకోవచ్చు."

"ఇది చూడు. జాకెట్ లోపల వేసుకునేది. పిడికిట్లో పడుతుంది."

బావ దాన్ని పిడికిట్లో పట్టి చూసి నవ్వాడు. "సరేలే. మాస్టారివి నువ్వు."

లోపల వేసుకునే రకంతో ఒక చిక్కుంది. చినుకు పడగానే రోడ్డు పక్క జాకెట్ విప్పాలి. ఆ వానలో ఎవడు విప్పుతాడు? ఇంకాస్త దూరం పోయాక చూద్దాంలే అనుకుంటాడు. ఈ సంగతి మాస్టారికి తెలుసు. ఆ రోజు చెప్పలేదు.

ప్రయాణం ఆఖరి రోజుల్లో, ఇంటికి ఇంకా పావుగంట దూరంలో, ఆ మూడో మలుపులోనే బావ బండి జారింది. మూడు గంటలు వానలో వచ్చాడు. వేళ్ళు కొయ్యబారి బ్రేకు నొక్కలేకపోయాడన్నారు చూసినవాళ్ళు. జాకెట్ లోపల బనీను దాకా నీళ్ళే.

అంటే వేసుకోలేదు. విప్పడానికి బద్ధకించాడు. ఆ విప్పే బెడద అంటగట్టిందెవరు?

రెండేళ్ళుగా మాస్టారికి రోజూ ఇదే తలపు. అక్కా ఇదే అనుకుంటోందని అతని నమ్మకం. ఫోన్ చేస్తే ఎత్తదు. ఇంటికెళ్తే గడప దగ్గరే రెండు మాటలు, అవీ మొహం పక్కకి తిప్పుకుని. ఒకే కంచంలో తిని పెరిగినవాళ్ళు. అతను ఆ లోపలి రకం కొట్లో పెట్టడం మానేశాడు. కొండ దారిలో వెళ్ళడమూ మానేశాడు.

మొన్న వానాకాలంలో కింది దారిలో వంతెన మూసేశారు. కొండ దారి తప్ప దిక్కు లేకపోయింది.

మొదటి మలుపు — చినుకు. రెండో మలుపు — ధార. లోకానికంతా పైన పెట్టు, పైన పెట్టు అని చెప్పిన మహానుభావుడి సూటు ఎక్కడుందంటారా? బ్యాగు అడుగున. పంచర్ సామాను కింద, తువ్వాలు కింద, రెండు జతల బట్టల కింద. విప్పి తీయాలంటే కప్పు కావాలి. కప్పున్నది ఒక్కచోటే.

బండి పలక ఎక్కింది. ధన్!

లైటు వెలుగు గుమ్మం మీద పడింది... లోపల పసుపుపచ్చగా... చేతులు చాపి...

తల లేదు.

మాస్టారి చెయ్యి దానంతటదే తాళం తిప్పేసింది. లైటు పోయింది. చీకటి. బండి దిగాడు. కాళ్ళు పారిపొమ్మంటున్నాయి — కానీ ఆ పసుపు రంగు అతనికి తెలుసు. ఆ సూటు తెలుసు. బావ అడిగిందదే.

గోడ పట్టుకుని లోపలికి నడిచాడు. టక్... టక్... గోడకేదో తగులుతోంది. పసుపు చెయ్యి గాలికి కొద్దిగా ఊగింది.

అప్పుడు వెనక — ధన్.

పలక మీద ఎవరో కాలు పెట్టారు. బండి చప్పుడు లేదు. దీపం లేదు. అడుగులు గుమ్మం దాకా వచ్చి ఆగాయి.

మాస్టారు వెనక్కి తిరగలేదు.

"బావా..." గొంతు గుసగుసగా వచ్చింది. "నువ్వేనా? నువ్వడిగిందే ఇచ్చుంటే... నా తెలివితేటలు చూపించుకోవాలని... చిన్నగా మడతపడుతుందని... నేనే చంపాను బావా నిన్ను."

వాన కప్పు రేకు మీద పడుతూనే ఉంది. ఇంతలో చీకట్లోంచి సన్నగా —

"ముందు పాంటు వేసుకో. కవరు మర్చిపోకు."

ఆ మాటలు తనవి. గొంతు... గొంతు అక్కది.

"అక్కా!"

ఫోన్ వెలుగులో నిలబడి ఉంది, నిలువెల్లా తడిసి. పాల కేంద్రంలో డ్యూటీ దిగి రోజూ ఈ దారినే ఇంటికెళ్తుంది. తమ్ముడి బండి కనిపించి, బురదకి భయపడి స్కూటరు రోడ్డు మీదే వదిలి నడిచొచ్చింది.

"ఇది... నువ్వు పెట్టావా?"

"ఎవరికో ఒకరికి పనికొస్తుందని కొన్నాను. వేసుకెళ్ళి కింద పెట్రోలు బంకులో ఇచ్చెయ్యమని చీటీ కూడా గుచ్చాను. రెండేళ్ళయింది. ఒక్కడూ చదవలేదురా. అందరూ పరిగెత్తడమే."

"తల లేకుండా చేతులు చాపి నిలబెడితే దగ్గరికొచ్చి చీటీ చదువుతారా ఎవరైనా?"

"కర్ర దూర్చి ఆరెయ్యమన్నది ఎవరు? పూత ఊడుతుందన్నావుగా!"

ఇద్దరికీ ఒక్కసారే నవ్వొచ్చింది. అక్కకి ముందుగా ఆగిపోయింది.

"నువ్విచ్చింది మీ బావ బద్ధకించి వేసుకోలేదనుకుంటున్నావు కదూ?"

"వేసుకోలేదుగా."

"బ్యాగులో లేదురా."

మాస్టారికి అర్థం కాలేదు.

"ప్రయాణం మధ్యలో ఒక్క రాత్రి ఇంటికొచ్చి వెళ్ళాడు, గుర్తుందా? తడిసొచ్చాడు. తడిది మడవకూడదని నువ్వు చెప్పావుగా... నేనే బ్యాగులోంచి తీసి వెనక వరండాలో ఆరేశాను. తెల్లారి టిఫిను పెట్టాను, నీళ్ళ సీసా నింపిచ్చాను, జాగ్రత్త అని చెప్పాను. సూటు వరండాలో ఉందని చెప్పడం మర్చిపోయాను." ఆగింది. "కబురొచ్చేసరికి అది తీగ మీదే ఉంది. పొడిగా."

టక్... టక్... కోటు జిప్పు గోడకి తగులుతోంది.

"తప్పు నీదేనని నువ్వేడుస్తుంటే కాదని చెప్పలేకపోయాను. చెబితే నాదవుతుంది. అందుకే నీ మొహం చూడలేదు. నీ మీద కోపం కాదురా."

మాస్టారు కర్ర మీంచి సూటు తీశాడు. నేల మీద మోకాళ్ళూనాడు.

"ముందు పాంటు," అన్నాడు.

అక్క అతని భుజం పట్టుకుని కాలెత్తింది. కోటు జేబులోని కవరు చెప్పుకి తొడిగాడు. కోటు వేసి, చిన్నపిల్లకి వేసినట్టు గొంతు దాకా జిప్పు లాగాడు. సూటు ఆమెకి చాలా వదులు. బావ కొలతకి, ఒక సైజు పెద్దది.

అప్పుడు... బయట — ధన్.

ఇద్దరూ చూశారు. ఫోన్ వెలుగులో పలక మెరుస్తోంది. దాని మీద వాన తప్ప ఎవరూ లేరు.

"గాలే," అన్నాడు మాస్టారు.

అక్క నెమ్మదిగా జిప్పు కిందికి లాగింది. కోటు విప్పింది. పాంటు విప్పింది. చేతుల్లోంచి కర్ర దూర్చి, రెండు చేతులూ బార్లా చాపి, గుమ్మానికి ఎదురుగా మళ్ళీ తగిలించింది. చీటీ సరిచేసింది.

"పదరా. మనకి ఇల్లు దగ్గరేగా."

మాస్టారి సూటు బ్యాగు అడుగునే ఉండిపోయింది. ఇద్దరూ తడుస్తూ, పక్కపక్కనే బళ్ళు నడుపుకుంటూ, ఆ మలుపు దిగారు.