బుధవారం పూట పుట్టింటి సలహా

"పిల్లనిచ్చాను, చాలదూ? నా కుర్చీ కూడా కావాల్సి వచ్చిందా నీకు!"

చేతిలో ఫోర్కు పళ్ళెంలో విసిరికొట్టి లేచిపోయాడు వెర్లిన్. చర్చి నుంచి వచ్చి ముగ్గురూ కలిసి తినే ఆదివారం భోజనం... వేడివేడి మాంసం, బంగాళాదుంపలు అలాగే ఉండిపోయాయి! అమెరికాలో, నెబ్రాస్కాలోని ఆ చిన్న కాలేజీలో బంతిని చేత్తో విసురుతూ, పట్టుకుని పరుగెత్తుతూ ఆడే అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకు ఇరవై రెండేళ్ళు పెద్ద కోచ్‌గా ఉన్న మనిషిని "ఇక విశ్రాంతి తీసుకోండి" అని సాగనంపి, ఆయన దగ్గరే పని నేర్చుకున్న అల్లుడు కర్టిస్‌కి ఆ పదవి కట్టబెట్టారు. తను కాదంటే ఎవడో ఊరుకాని ఊరివాడు వస్తాడని కర్టిస్ ఒప్పుకున్నాడు. మధ్యలో నలిగిపోయింది మార్లిస్. తల్లిలేని తనను గుండెలమీద పెట్టుకు పెంచిన తండ్రి ఒకవైపు, ప్రాణంలా చూసుకునే భర్త ఒకవైపు! ఎవరి పక్షాన నిలబడగలదు పాపం?

ఆనాటినుంచి తండ్రి వాళ్ళ గడప తొక్కలేదు.

సెప్టెంబరులో ఆటలు మొదలయ్యాయి. మొదటి మూడూ ఓటమే! కిరాణా కొట్టులో సైతం ఒకటే సణుగుడు: "పెద్దాయనుంటే ఇలా అయ్యేదా?" కర్టిస్‌కి ముద్ద దిగడం లేదు. చూడలేక, బుధవారంనాడు మార్లిస్ యాపిల్ ముక్కలు కూరి 'పై' అనే తీపి రొట్టె కాల్చి తండ్రి దగ్గరికి పరుగెత్తింది. ఆయన పెరట్లో గడ్డికోసే యంత్రం బ్లేడు సానపడుతున్నాడు.

"నాన్నా, ఆయన తిండి మానేశారు..." అంటూ బావురుమంది.

"బంతి విసరడం మానెయ్యమను ముందు!" తలెత్తకుండానే అన్నాడు. "మనూరి గాలికి విసిరిన బంతి పక్క జిల్లాలో పడుతుంది. చంకలో పెట్టుకుని ఎడమవైపునుంచి పరుగెత్తించమను. జట్టులో ఆ వైపు నిలబడే ముగ్గురు కుర్రాళ్ళూ దున్నపోతుల్లా ఉన్నారు, అడ్డొచ్చినవాణ్ణి తోసేస్తారు. నేను చెప్పానన్నావో, నీతో కూడా మాట్లాడను!"

ఆ సాయంత్రం వడ్డిస్తూ, "ఏమండీ, నాకేదో తోచింది..." అని నసిగింది. కర్టిస్ ఆమెకేసి ఓ క్షణం చూసి, పళ్ళెం దగ్గరికి లాక్కుని తినసాగాడు. శనివారం జట్టు గెలిచింది!

ఇక ప్రతి బుధవారమూ యాపిల్ రొట్టె అటు వెళ్ళడం, సలహా ఇటు రావడం! నవంబరులో ఆఖరి ఆట కూడా నెగ్గేసరికి మొత్తం ఆరు గెలుపులు. ఊరంతా పండగే. మార్లిస్ మాత్రం వంటింట్లో కూర్చుని ఏడ్చింది.

"ఈ గెలుపులు నాకెందుకండీ? మా నాన్న మనింట్లో మళ్ళీ ఒక్క ముద్ద తింటే చాలు!"

మర్నాడు చర్చి నుంచి నేరుగా ఆమెను వెంటబెట్టుకుని మామగారి తలుపు తట్టాడు కర్టిస్.

"మామయ్యా! పద్నాలుగేళ్ళ కాపురంలో ఆట గురించి నోరెత్తని మీ అమ్మాయి ఇప్పుడు వారం వారం నాకు పాఠం చెబుతోంది. మరీ అంత వెర్రివాణ్ణనుకున్నారా నన్ను? ఆ ఆరు గెలుపులూ మీవే. కుర్రాళ్ళందరికీ అదే చెప్పాను."

వెర్లిన్ అడ్డంగా తలూపాడు.

"నన్ను పొగడకు నాయనా... మొదటి మూడు ఆటలూ నువ్వు ఓడిపోవాలని మోకాళ్ళమీద పడి ప్రార్థించిన పాపిష్టివాణ్ణి నేను!"

"అయ్యో నాన్నా!" అంది మార్లిస్. కర్టిస్ మాత్రం పకపకా నవ్వేశాడు.

"దానికి దేవుణ్ణెందుకు శ్రమపెట్టారు మామయ్యా? ఓడిపోవడానికి నేనొక్కణ్ణి చాలనూ!"

పెద్దాయన నవ్వబోయి భోరుమన్నాడు. అల్లుడి భుజం పట్టుకుని చాలాసేపు వదల్లేదు. చివరికి కళ్ళు తుడుచుకుని, తనంతట తానే కొక్కేనికున్న కోటు తీసి తొడుక్కున్నాడు.

"ఏం వండావే తల్లీ? ఆకలేస్తోంది," అన్నాడు.