పదకొండో ఇల్లు

"ఎవురు కావల్ల?"

గడపకు అడ్డంగా నిలబడి అడిగింది ఆ అమ్మాయి. చెవి వెనక పెన్సిలు, చేతిలో గ్రాఫు కాగితం. కళ్ళు చక్కగా ఉన్నాయి గానీ, చూపు మాత్రం పోలీసు చూపు.

గంగాధర్ చేతిలోని ఫారాలు చూపించాడు. "ఎవరూ అక్కర్లేదండీ. అంటే... మీ ఇంట్లోవాళ్ళే. నేను యూనివర్సిటీ నుంచి వచ్చినా. ఎకనామిక్స్ రీసెర్చి."

"ఏం అమ్ముతారు?"

"ఏమీ అమ్మను. కొన్ని ప్రశ్నలు అడిగి రాసుకుంటా."

"ఊరికే ప్రశ్నలడిగితే దుడ్లిస్తారా మీకు?"

"ఫెలోషిప్ ఇస్తారు."

"మంచి ఉద్యోగమే" అంది ఆమె నవ్వకుండా.

అది 1978 జూన్ నెల. ధర్మవరం చేనేత వీధుల్లో ఏ ఇంటి ముందు నిలబడినా మగ్గం చప్పుడే. ఇంటి నిర్ణయాలు ఎవరు తీసుకుంటారు, పిల్లల చదువులూ పెళ్ళిళ్ళూ ఎవరి మాట మీద జరుగుతాయి అన్నది గంగాధర్ పరిశోధన. అతనిది హిందూపురం, తండ్రికి బెల్లం అంగడి. సర్వే మొదలుపెట్టిన తొలి రోజే, తొలి ఇంటి ముందే ఇలా ఇరుక్కున్నాడు.

అంతలో వాన అందుకుంది. అతను తడుస్తూ ఫారాలను చొక్కాలో దాచుకున్నాడు. ఆమె కాసేపు చూసి, ఇక తప్పదన్నట్టు పక్కకు జరిగింది.

"ఆ అరుగు మీద కూర్చోండి. లోపలికి మాత్రం రావద్దండి."

ఆమె పేరు ముత్యాలమ్మ. అందరూ ముత్యాలు అంటారు. పది పాసై, పట్టుచీరల అంచులకు గ్రాఫు కాగితం మీద డిజైన్లు వేస్తుంది. నాయన తిమ్మరాజు లోపల మగ్గం మీద ఉన్నాడు.

"ఊర్లో ఇన్ని ఇండ్లుండంగ మా ఇంటికే ఏంటికి వచ్చినారు?"

"వీధి మొదటినుంచి లెక్కపెట్టి ప్రతి పదో ఇంటికీ పోతాం. శాంపిల్ అంటారు దాన్ని."

ఆ మాట చెబుతూ అతను చూరు నుంచి కారే నీళ్ళవైపు చూశాడు. ఆమె ఆ సంగతి గమనించింది.

"మీ ఇంట్లో, దగ్గరి బంధువుల్లో పెళ్ళయిన జంటలెన్ని? వాళ్ళకు పిల్లలెంతమంది?"

ముత్యాలు ముఖం ఒక్కసారిగా ముడుచుకుపోయింది. తర్వాత అడిగినవాటికన్నిటికీ అప్పజెప్పినట్టు జవాబులు చెప్పింది. వాన తగ్గగానే "ఇంక పోయిరాండి" అని తలుపేసింది.

మరో రెండు వారాలు గంగాధర్ వీధులన్నీ తిరిగాడు. జనం ఎంతో మర్యాద చేశారు. మజ్జిగ ఇచ్చారు, అడగ్గానే జవాబులు చెప్పారు. ముప్ఫై ఇళ్ళు పూర్తయ్యాక ఒక మధ్యాహ్నం లాడ్జి గదిలో ఫారాలన్నీ పరుచుకుని చూశాడు. ముప్ఫై ఇళ్ళలోనూ ఒకటే జవాబు. పిల్లలు ఇద్దరు. ఆపరేషన్ అయిపోయింది. ఏ నిర్ణయమైనా ఆలుమగలు కలిసి తీసుకుంటారు.

డెబ్బై ఐదేళ్ళ కదిరమ్మవ్వ కూడా "నేనూ మా ఆయనా కలిసి మాట్లాడుకుంటాము" అని చెప్పింది. ఆయన పోయి ఇరవై ఏళ్ళయిందని ఆ ఫారంలోనే ఇంకో గడిలో ఉంది!

వెంటనే అవ్వ దగ్గరికి పరుగెత్తాడు.

"అవ్వా, చనిపోయిన మనిషితో ఎట్ల మాట్లాడుతావు?"

అవ్వ బోసినోటితో నవ్వింది. "నాకేం తెలుసు నాయనా! నోటుబుక్కు పట్టుకోని వచ్చే ఆయప్పకు ఇట్లే చెప్పల్లని ముత్యాలు నేర్పిచ్చింది. వీధి వీధికీ తిరిగి చెప్పింది పాపం."

అతను కోపంతో ముత్యాలు ఇంటికి వచ్చేసరికి ఆమె అరుగు మీద కూర్చుని నెమలి మెడకు చుక్కలు పెడుతోంది.

"ఊరంతటికీ అబద్ధాలు నేర్పించారా? నా ఇన్ని రోజుల కష్టం బూడిదైపోయిందండీ!"

ఆమె తల ఎత్తింది. "నీ మాట నిజమా మరి? నేను లెక్కపెట్టినా. పదో ఇల్లు చిన్నప్పది. మాది పదకొండోది. చిన్నప్ప ఇల్లు ఏంటికి దాటినావు? మా ఇంటి మీద కన్నేసి ఎవురు పంపించినారు నిన్ను?"

మీరు కాస్తా నువ్వు అయింది. గంగాధర్ మళ్ళీ చూరు వైపు చూశాడు. దాంతో ఆమె అనుమానం ఇంకా గట్టిపడింది.

"చెప్పవు. నాకు తెలుసులే. రెండేండ్ల కిందట, ఎమర్జెన్సీలో, నీ మాదిరే ఒగాయన వచ్చి ఎవురికి ఎంతమంది పిల్లలని రాసుకోని పోయినాడు. వారానికి జీపు వచ్చింది. మా రంగప్ప మామకు పెండ్లయి అప్పటికి ఏడు నెలలు. పిల్లలు లేరని మొత్తుకున్నా వినకుండా ఎత్తుకోనిపోయి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి పంపినారు. మామ ఈ ఊర్లో తలెత్తుకోలేక మగ్గం వదిలేసి పెనుకొండకు పోయినాడు." ఆమె చేతిలోని కాగితం పక్కన పెట్టింది. "ఇప్పుడు చెప్పు. నీకు నిజాలు చెప్పల్లనా?"

తన ఫారంలో ఆ గడి ఎంత మామూలుగా ఉందో, ఆ ఇంట్లో అది ఎంత గాయమో గంగాధర్‌కి అప్పుడు అర్థమైంది. లాడ్జి గదికి తిరిగిపోయాడు.

మరుసటి ఉదయం ఫారాల కట్ట తెచ్చి అరుగు మీద పెట్టాడు. "మీ ఊరి పేర్లన్నీ ఇందులో ఉన్నాయి. మీకే ఇచ్చేస్తున్నా."

"నకలు దాచుకోలేదని ఏం నమ్మకం?"

"నమ్మకం ఏమీ లేదు. నిజంగా దాచుకోలేదు."

"ఇవి లేకపోతే నీ చదువు?"

"ప్రొఫెసర్ గారికి ఉన్నదున్నట్టు ఉత్తరం రాసినా. నెలలోపల మళ్ళీ మొదటినుంచి చేయకపోతే ఫెలోషిప్ ఆగిపోతుంది."

ముత్యాలు కట్టను చూసింది, అతన్ని చూసింది. ఇంత సులువుగా ఇచ్చేస్తున్నాడంటే ఇందులో ఇంకేదో మెలిక ఉందని కూడా అనుకుంది.

"రేపు పెనుకొండకు పోతాండాము, నేనూ కదిరమ్మవ్వా. నువ్వూ రావల్ల. మామ నిన్ను చూసి ఏం చెప్తే అది. ఒగే రైలు, వేరే పెట్టె."

ప్యాసింజరు ప్రతి స్టేషనులో ఆగినప్పుడల్లా ఆమె కిటికీలోంచి తల బయటపెట్టి చూసింది, దిగి పారిపోయాడేమోనని. అతను ప్రతిసారీ ప్లాట్‌ఫారం మీదికి దిగి, ఉన్నానని చెయ్యి ఊపాడు. మూడోసారికి కదిరమ్మవ్వ "ఆ పిల్లోడు పారిపోయేరకం కాదు లేమ్మే" అంది. ముత్యాలు వినిపించుకోనట్టు కూర్చుంది.

పెనుకొండలో రంగప్ప సైకిల్ అంగడి పెట్టుకున్నాడు. విషయమంతా విని, చేతులు తుడుచుకుని, ఫారం ఒకటి తీసి చదివాడు.

"ఆ వచ్చినాయన కూడా ఇంతే మర్యాదగా మాట్లాడినాడు" అన్నాడు నెమ్మదిగా. "నేనే టీ తెప్పిచ్చి ఇచ్చినా."

రంగప్ప భార్య గోవిందమ్మ తల దించుకుంది. రంగప్ప బల్ల మీదున్న పెన్సిలు తీసుకున్నాడు.

"కూర్చో అబ్బీ. ఇప్పుడు నేనడుగుతా, నువ్వు చెప్పు. ఇంట్లో ఎంతమంది?"

"అమ్మ, నాయన, చెల్లెలు, నేను."

"పెండ్లయినాదా?"

"లేదు."

"ఎవురికైనా మాటిచ్చినావా?"

"అది ఫారంలో లేదండీ."

"నేను రాస్తాండా కదా, ఇప్పుడుంది. చెప్పు."

"ఇవ్వలేదు."

"చిన్నప్ప ఇల్లు ఏంటికి దాటినావు?"

గంగాధర్ చెవులు ఎర్రబడ్డాయి. ఒకసారి ముత్యాలు వైపు చూసి, చూపు దించేసుకున్నాడు. "చిన్నప్ప ఇంటికే పోతాండినా. పక్కింటి గడపలో ఈమె వెలుతురుకు కాగితం ఎత్తిపట్టుకుని చూస్తాండింది. కాళ్ళు ఆడికి పోయినాయి. తప్పే. ప్రొఫెసర్‌కు రాసిన ఉత్తరంలో ఆ తప్పు కూడా రాసినా."

"కారణం కూడా రాసినావా?"

"లేదు. 'లెక్క తప్పినాను' అని రాసినా."

రంగప్ప పగలబడి నవ్వాడు. గోవిందమ్మ ఉలిక్కిపడి భర్త వైపు చూసింది. ఆ నవ్వు విని ఆమెకు రెండేళ్ళయింది. చెంగుతో కళ్ళు ఒత్తుకుంటూ టీ పెట్టడానికి లేచింది.

ముత్యాలు మాత్రం నవ్వలేదు. అంగడి బయటికి పోయి పెనుకొండ కొండను చూస్తూ నిలబడింది. గంగాధర్ వెనకే వచ్చాడు.

"ఇదీ అబద్ధమే కదా?" అంది అటు తిరక్కుండానే.

"అబద్ధమైతే మీ మామ ముందర చెప్పే ధైర్యం నాకుంటుందా?"

"ఉండదు" అని ఒప్పుకుంది ఆమె. "నువ్వు ఉరిమి చూస్తేనే భయపడే రకం."

మరుసటి రోజు రంగప్ప వాళ్ళతోపాటే ధర్మవరంలో రైలు దిగాడు. రెండేళ్ళ తర్వాత ఆ వీధిలో నడుస్తుంటే మొదట తల వంచుకునే ఉన్నాడు. "ఈ పిల్లోనికి నిజం చెప్పండప్పా. పేర్లు రాయడు. నాది పూచీ" అని ఇల్లిల్లూ తిరిగాడు. మూడో వీధికి వచ్చేసరికి అతని తల నిటారుగా లేచింది. గంగాధర్ కొత్త ఫారాల మీద పేర్లు రాయాల్సిన చోటు అందరి ముందరే చించేశాడు. కొందరు అప్పుడూ నమ్మలేదు, తలుపు తీయలేదు. అతను ఆ ఇళ్ళను ఖాళీగానే వదిలాడు. చిన్నప్ప ఇంటికి పోయాడు. తిమ్మరాజు ఇంటిని లెక్కలోంచి తనే కొట్టేశాడు.

సర్వే ముగిసిన సాయంత్రం ముత్యాలు అరుగు మీదే నిలదీసింది. "మా ఇల్లు కొట్టేసినావంట?"

"రూలు ప్రకారం కొట్టేయాల."

"ఇంక ఈ ఇంటికి ఏం చెప్పుకోని వస్తావు?"

"మా అమ్మానాయనలను తీసుకోని వస్తా. నువ్వు రమ్మంటే."

చినుకులు మొదలయ్యాయి. ఆమె చాలాసేపు అతని ముఖం చూసింది. ఎక్కడైనా మెలిక దొరుకుతుందేమోనని వెతికి, దొరక్క, మొదటిసారి నవ్వింది. "ఆదివారం నాయనకు మగ్గం పని ఉండదు" అంది.

ఆదివారం హిందూపురం వాళ్ళు వచ్చారు. తిమ్మరాజు ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. కూతురి వైపు చూశాడు. ఆమె తలూపింది. "మా బిడ్డ ఒప్పుకుంటే మాకూ ఇష్టమే బావగారూ" అన్నాడు.

రంగప్ప తిమ్మరాజు వైపు తిరిగి గొంతు సవరించుకున్నాడు. "ఆ సైకిల్ అంగడి అమ్మేస్తాండా బావా. నేనూ గోవిందీ ఈ వీధికే వచ్చేస్తాము. పెండ్లి చీర నేను నేస్తా."

ముత్యాలు తటాలున లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. గంగాధర్ ఎవరేమనుకుంటారో చూసుకోకుండా వెనకే పోయి తలుపు దగ్గర ఆగాడు.

"ఏడుస్తాండావా?"

"లేదు."

"ఇది అబద్ధం."

"అవును" అంది ముత్యాలు కన్నీళ్ళతోనే అతని వైపు తిరిగి. "లోపలికి రా."