దొరగారి పంటి గాటు

ఆ ఇంట్లో పొద్దున్నే అందరికంటే ముందు కడుపు నిండేది దొరగారికే. దొరగారంటే కుక్క. చెల్లెలు ముచ్చటపడి తెచ్చి పెంచుకుంటున్నది. అన్న స్కూలు వ్యాను తీయబోతూ దాన్ని ఓసారి గుర్రుగా చూసి, రోజూ అనే మాటే మళ్లీ అన్నాడు. ఇంట్లోకి పసిబిడ్డ రాబోతోంది, ఇది ఎవరికి పంటి గాటు పెట్టినా ఆ రోజే ఎవరికో ఒకరికి ఇచ్చేస్తానని. చెల్లెలు మూతి ముడుచుకుంది. వదిన కుట్టుమిషను మీంచి తల ఎత్తలేదు. నిండు కడుపుతో ఉన్న ఆమెకి ఆ కుక్కంటే అసలు గిట్టదు, కుట్టిన ప్రతి బట్ట మీదా దాని వెంట్రుకలే మరి. ఆడపడుచుతో కూడా ఈమధ్య అవసరానికి మించి మాట్లాడటం లేదు.

వ్యాను వెళ్లిన కాసేపటికి వంటింట్లో చెల్లెలి చేతిలోంచి గాజు సీసా జారి భళ్లున పగిలింది. ఆమె చీపురు తెచ్చేలోపే దొరగారు పెత్తనానికి వేంచేసి పెంకు మీద కాలేశారు. ముందుకాలి అడుగు చీరుకుపోయి నేలంతా రక్తం. చెల్లెలికి కాళ్లూ చేతులూ ఆడలేదు. గుడ్డ అదమడం, ఆగిందేమోనని ఎత్తి చూడటం, అది మళ్లీ కారడం. ఇదే వరస.

వదినే పశువుల డాక్టరుకి ఫోను చేసింది. డాక్టరమ్మ తొణక్కుండా చెప్పింది. నొప్పిలో ఉన్న కుక్కకి తన వాళ్లూ పరాయి వాళ్లూ తెలియదు కాబట్టి, ముందు ముక్కుకి గాలి ఆడేలా మెత్తటి పట్టీతో మూతి కట్టమంది. గాజు లోపల దిగబడి లేకపోతే శుభ్రమైన గుడ్డ పెట్టి అదిమి పట్టమంది. మాటిమాటికీ ఎత్తి చూడొద్దు, తడిస్తే దాని మీదే ఇంకోటి వేయాలి, రక్తం ఆగాక తీసుకురావాలి.

వదిన నూలు పట్టీ తెచ్చింది. చెల్లెలు అడ్డం పడింది.

"మూతి కట్టనివ్వను. అది మనల్నేం చేయదు."

వాదించడానికి తీరికెక్కడిది? వదిన ఆయాసపడుతూ నేల మీద కూర్చుని, పాదం అటూ ఇటూ తిప్పి చూసి, గుడ్డ మడతపెట్టి అదిమింది. దొరగారు గిర్రున తిరిగి ఆమె మణికట్టు కరిచారు. వదిన పళ్లు బిగబట్టింది గానీ గుడ్డ వదల్లేదు.

"ఇప్పుడు కట్టు," అంది.

చెల్లెలు గబగబా కట్టింది. రక్తం ఆగుతుండగా బయట వ్యాను చప్పుడైంది.

"కరిచిందని మీ అన్నతో అనకు. గాజు గీసుకుందని చెప్తాను," అంది వదిన.

"నీకది గిట్టదు కదా వదినా."

"గిట్టదు. కానీ అదీ లేకపోతే ఈ ఇంట్లో నువ్వెవరితో మాట్లాడతావు?"

అన్న వచ్చి కంగారుపడ్డాడు. వదిన చెప్పిన గాజు మాట నమ్మేశాడు. చెల్లెలు నోరు మూసుకుంటే చాలు, దొరగారు ఇంట్లోనే ఉంటారు. కానీ కుక్క కాటుకి సూది పడకపోతే తల్లి గతేంటి, బిడ్డ గతేంటి? చెల్లెలికి ఏడుపు తన్నుకొచ్చింది.

"గాజు కాదన్నయ్యా, కరిచింది. మూతి కట్టమంటే నేనే కట్టనివ్వలేదు. దాన్ని ఎవరికిస్తావో ఇచ్చేయ్. ముందు వదినకి ఇంజెక్షన్ వేయించాలి."

అన్న మొహం ఎర్రబడింది. కుక్కని ఇప్పుడే పంపించేస్తానని లేచాడు.

"ఎక్కడికీ పంపేది లేదు," అంది వదిన. "దెబ్బ తగిలిన చోట నొక్కితే మీరైనా కరుస్తారు. వచ్చి ఈ గుడ్డ పట్టుకోండి. ఎత్తి చూడకండి."

అన్న కూర్చుని దొరగారి పాదం పట్టుకున్నాడు. ఆస్పత్రి వీధి చివరే. బయల్దేరేముందు చెల్లెలు వదిన మణికట్టుని కుళాయి కింద పెట్టి, సబ్బుతో చాలాసేపు కడిగింది. కడుగుతూనే అడిగింది.

"మరి ఈ ఇంట్లో నువ్వెవరితో మాట్లాడతావు వదినా?"

వదిన కళ్లు నిండాయి.

"ఎవరున్నారే నాకు? ఈ మాట నువ్వెప్పుడు అడుగుతావా అని చూస్తున్నాను."